ఆదాయపు పన్ను ఉండాలి, 12 లక్షల దగ్గర గొయ్యి పూడాలి: కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారాలు.

బడ్జెట్ దగ్గర పడినప్పుడల్లా రెండు సలహాలు పైకి వస్తుంటాయి. శ్లాబులన్నీ తీసేసి అందరికీ ఒకే రేటు పెట్టమన్నది ఒకటి. ఆదాయపు పన్నే ఎత్తేసి, ఖర్చు మీద మాత్రం పన్ను వేయమన్నది రెండోది. చెప్పుకోవడానికి తేలిగ్గా ఉంటాయి కాబట్టి జీతగాళ్లలో వీటికి ఆదరణ ఉంది. రిటర్నులు, ఖాతాల పనిలో ఉన్నవాళ్లం కనుక రెండింటికీ లెక్క కట్టి చూశాం. రెండూ వద్దని మనవి చేస్తున్నాం. అయితే జనం వాటి వైపు ఎందుకు చూస్తున్నారో ఆ కారణాన్ని, అంటే 12 లక్షలు దాటగానే పెరిగిన జీతాన్ని మింగేసే గొయ్యిని, మాత్రం మీరు తీర్చాలి.

ముందు ఒకే రేటు సంగతి. మొదటి 4 లక్షలు వదిలి, మిగతా ఆదాయమంతటి మీద 15 శాతం వేశారనుకుందాం. కొత్త పన్ను విధానంలో 2025 బడ్జెట్‌తో మీరు తెచ్చిన శ్లాబుల ప్రకారం పన్ను వర్తించే ఆదాయం 24 లక్షలైతే కట్టేది 3 లక్షలు. ఒకే రేటులోనూ సరిగ్గా అంతే. 16 లక్షల వాళ్లకు మాత్రం 1,20,000 కాస్తా 1,80,000 అవుతుంది. రిబేటు, అంటే లెక్కకు వచ్చిన పన్నులో ఇచ్చే తగ్గింపు, వల్ల 12 లక్షల వాళ్లు ఇప్పుడు ఏమీ కట్టడం లేదు, అప్పుడు 1,20,000 కట్టాలి. అదే 50 లక్షల వాళ్లకు 10,80,000 నుంచి 6,90,000కు దిగుతుంది. కోటి దగ్గర 10 శాతం సర్‌చార్జీతో (పెద్ద ఆదాయాలవాళ్లకు పన్ను మీద వేసే అదనపు పన్ను) కలిపి 28,38,000 ఉన్నది 14,40,000 అవుతుంది. ఇవన్నీ పన్ను మీద అదనంగా వేసే 4 శాతం సెస్సు కలపని అంకెలు. అంటే 24 లక్షలకు కింద ఉన్నవాళ్లలో పన్ను పరిధిలోకి వచ్చే ప్రతివారూ నష్టపోతారు, పైనున్న ప్రతివారూ లాభపడతారు. రేటును 12కు దించినా 18కి పెంచినా ఆ గీత అటూ ఇటూ జరుగుతుందే తప్ప చెరిగిపోదు. రష్యా 2001లో 13 శాతం ఒకే రేటు పెట్టింది. 2021లో పైవాళ్లకు 15 శాతం చేర్చింది. 2025 నుంచి అక్కడ 13 మొదలు 22 దాకా అయిదు మెట్లున్నాయి. 2004లో 19 శాతం ఒకే రేటుకు మారిన స్లొవేకియా కూడా 2013లో రెండో రేటు పెట్టుకుంది.

పోనీ, రిటర్ను సులువవుతుందా? ఏడు శ్లాబుల లెక్క కంప్యూటరుకు క్షణం పని. చిక్కంతా ఏది ఆదాయం, ఏది కాదు, ఏ పద్దు కిందికి వస్తుంది అన్న దగ్గరే. హైదరాబాద్ చుట్టుపక్కల సాగుభూమి అమ్మిన రైతునే చూడండి. జనాభా 10 లక్షలు దాటిన మున్సిపాలిటీ హద్దు నుంచి సూటి దూరం 8 కిలోమీటర్ల లోపు ఉంటే ఆ భూమి మూలధన ఆస్తి, లాభం మీద పన్ను. అది దాటితే గ్రామీణ వ్యవసాయ భూమి, పన్నే లేదు. రోడ్డు దూరం లెక్కలోకి రాదు, కొలిచేది గాలిలో. ఈ కొలత మీద వచ్చే తగాదాను 15 శాతం ఒకే రేటు తీర్చగలదా?

ఖర్చు మీద పన్ను మరీ పెద్ద మాట. 2025-26 బడ్జెట్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను అంచనా 14.38 లక్షల కోట్లు. 2024-25లో కేంద్రం, రాష్ట్రాలు కలిపి స్థూలంగా వసూలు చేసిన జీఎస్టీ 22.08 లక్షల కోట్లు. మొదటిది తీసేసి ఆ లోటంతా రెండోదాని మీద మోపితే రేట్లు 65 శాతం పెరగాలి. 18 శాతం ఉన్నది దాదాపు 30 అవుతుంది. ఇది సెప్టెంబరు 2025లో మీరు రేట్లు తగ్గించకముందు వసూళ్లతో కట్టిన లెక్క. పైగా ఈ పెంపు మీ ఒక్కరి చేతిలో లేదు. జీఎస్టీ మండలిలో తీర్మానానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి, కేంద్రం ఓటు బలం మూడింట ఒక వంతే.

దుకాణంలో ఏమవుతుందో కూడా చూడాలి. లక్ష రూపాయల టైల్స్ మీద ఇప్పుడు 18,000 పన్ను. బిల్లుతో ఒక ధర, బిల్లు లేకుండా ఒక ధర అనే బేరం ఇప్పటికే ఉంది. పన్ను 30,000 అయితే ఆ బేరానికి ఇంకెంత బలం వస్తుందో వేరే చెప్పాలా? పట్టుకోవడానికి అప్పుడు ఆదాయపు రిటర్ను కూడా ఉండదు. జీఎస్టీలో చూపిన అమ్మకాలు, ఆదాయపు రిటర్నులో చూపిన టర్నోవరు ఒకదానికొకటి సాక్ష్యం. ఒకటి తీసేస్తే రెండోదీ సడలుతుంది. పేదలకు ఆ పన్ను నగదుగా వెనక్కి ఇస్తామంటారా, పీఎం కిసాన్‌లో ఆధార్ అనుసంధానం, ఈ-కేవైసీ దగ్గర వాయిదాలు ఎలా ఆగిపోతాయో మీకు తెలుసు. ఇది ప్రతి ఇంటికీ, ప్రతి నెలా చేయాల్సిన పని. ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ సిఫారసుతో 1958లో మన దేశమే ఖర్చు పన్ను వేసి చూసింది. 1962లో తీసేసి, 1964లో మళ్లీ పెట్టి, 1966లో వదిలేసింది.

ఇక జనం విసుగుకు అసలు కారణం. ఏడాదికి 12,75,000 జీతం ఉన్న ఉద్యోగికి జీతంలోంచి మినహాయించే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను పన్ను సున్నా. ఆ జీతం 70,000 పెరిగిందనుకోండి. 12 లక్షలు కొద్దిగా దాటినవాళ్ల పన్ను ఆ దాటిన మొత్తాన్ని మించకూడదనే మార్జినల్ రిలీఫ్ ప్రకారం 12 లక్షలకు పైనున్న 70,000 మొత్తం పన్నుగా పోతుంది. దాని మీద 4 శాతం సెస్సు 2,800. జీతం పెరిగినందుకు చేతికి వచ్చేది 2,800 తగ్గింది! పన్ను వర్తించే ఆదాయం 12,70,588 దాటేదాకా ఇదే కథ. అందుకే పెంపును చేతికి తీసుకోకుండా, యజమాని వాటాగా జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌లో వేయమని అడిగే ఉద్యోగులున్నారు. కష్టానికి దక్కిన పెంపును వద్దనుకునే స్థితి తెచ్చిన నిబంధన న్యాయమైనది కాదు.

దీనికి మందు ఉంది. 60,000 రిబేటును ఒక్కసారిగా లాగేయకుండా, 12 లక్షలు దాటిన ప్రతి 100 రూపాయలకు 20 చొప్పున తగ్గించండి. 15 లక్షల దగ్గర అది సున్నా అవుతుంది. 13 లక్షల వాళ్లు ఇప్పుడు కట్టే 75,000 బదులు 35,000 కడతారు. ఎక్కడా పెరిగిన వందకు 35 మించి పోదు, సెస్సు వేరు. రాబడి కొంత తగ్గుతుంది, నిజమే. ఒకే రేటు పెడితే పైవాళ్ల దగ్గర వదులుకునే దానితో దీన్ని పోల్చి చూడండి.

రిబేటులోనే ఇంకో పొరపాటుంది. మొత్తం ఆదాయం 11,50,000 వడ్డీ, జీతాలదైతే పన్ను లేదు. అందులో 50,000 లిస్టెడ్ షేర్ల మీద వచ్చిన స్వల్పకాలిక లాభమైతే, దానికి రిబేటు వర్తించక, 20 శాతం చొప్పున సెస్సుతో 10,400 కట్టాలి. 12 లక్షల లోపు పన్ను లేదని విన్న చిన్న మదుపరికి ఇది రిటర్ను వేసే రోజున గానీ తెలియదు. కనీసం 50,000 దాకా ఇలాంటి లాభాన్ని రిబేటులోకి తీసుకోండి.

సెస్సును రేట్లలో కలపమన్నది మూడో మనవి. సెస్సు రాష్ట్రాలకు పంచే మొత్తంలోకి రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు కట్టే ఆ 4 శాతంలో వాళ్ల రాష్ట్రాలకు వాటా లేదు.

ఒకే రేటు మీద గానీ, ఖర్చు పన్ను మీద గానీ కమిటీ వేసే ఆలోచన ఉంటే, ముందు 8, 12, 16, 24, 50 లక్షలు, కోటి ఆదాయాల దగ్గర ఎవరికి ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో చూపే పట్టికను పార్లమెంటు ముందు పెట్టండి. ఆ తర్వాతే చర్చ మొదలుపెట్టండి.

భవదీయులు,
పన్ను రిటర్నులు, ఖాతాల పనిలో ఉన్న కొందరం