ఉమ్మనీటి పొర ఇచ్చిన ఆ తల్లికి...

మావాడు నిన్న బళ్ళో బాగున్న కుడికంటిని ప్యాచ్‌తో మూసి ఉండగానే, దెబ్బతిన్న ఎడమకంటితో బోర్డు మీద రాసింది చదివాడట. టీచరమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. పెద్ద అక్షరాలేలెండి. అయినా రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా.

రెండేళ్ళ కిందట మా మామయ్యగారి వక్కాకు సంచిలోంచి సున్నం ప్యాకెట్టు తీసి నొక్కాడు. చిట్లి ఎడమకంట్లో పడింది. మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. నీళ్ళతో కడగకుండా కొంగుతో తుడిచి, ఆముదం చుక్క వేశాం. సున్నం పడితే మంచినీళ్ళతో ఆపకుండా అరగంటైనా కడుగుతూ ఉండాలట. అదే మందు. ఆ తర్వాతే ఆసుపత్రి.

కొన్ని నెలలకు నల్లగుడ్డు మీదికి తెల్లపొర, ఎర్రటి నరాలు పాకాయి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటాసుపత్రిలో డాక్టరమ్మ కాగితం మీద సున్నా చుట్టి చూపించింది. నల్లగుడ్డు తెల్లగుడ్డును కలిసే ఆ అంచులోనే మూలకణాలు ఉంటాయి, కంటి పైపొర అరిగినప్పుడల్లా కొత్తది పుట్టించేవి అవే. సున్నం వాటినే కాల్చేసింది. అందుకే ఉత్తగా నల్లగుడ్డు మార్చినా నిలవదంది.

కంట్లో వాపు, ఎరుపు తగ్గేదాకా ఆగి, బాగున్న కుడికంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీశారు. ఆ బాగున్న కంటిని ముట్టుకుంటామన్నప్పుడు సంతకం పెట్టడానికి నా చెయ్యి ఆడలేదు. ఇదివరకు ఆ ముక్కను ల్యాబులో 10-14 రోజులు పెంచి అతికేవారట. ఈ ఆసుపత్రిలోనే డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రకటించిన పద్ధతిలో అంత అవసరం లేదు. ముక్కను చిన్నచిన్నగా కోసి కంటి మీదే జిగురుతో అంటిస్తారు, అక్కడే పెరుగుతుంది. కింద పరిచేది కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి పొర.

"మాయతో పాటు పాతిపెట్టేది కదే అది!" అంది మా అత్తయ్య. ఎవరో తల్లి, సిజేరియన్ అయిన రోజున, ఆ నొప్పుల మధ్య, తీసుకోండి అంది. అమ్మా, నువ్వెవరో మాకు చెప్పరు. నీ బిడ్డ చల్లగా ఉండాలి.

మత్తు ఇచ్చేదాకా వాడికి కాకి కథ చెప్పిన నర్సమ్మకు, అన్నిసార్లు ఊరినుంచి బస్సెక్కించిన మా తమ్ముడికి కూడా దణ్ణాలు. మామయ్యగారు ఆ రోజు నుంచి వక్కాకు ముట్టలేదు, ఎవరూ మానమనలేదు.

చూపింకా మసకే. ఎడమకంటికి చూడ్డం అలవాటు కావాలని కుడికంటికి రోజూ కాసేపు ప్యాచ్ వెయ్యాలి. దాని మీద బొమ్మ వాడే గీసుకుంటాడు. నిన్నటిది రైలు.