అండమాన్ కబుర్లు, బొబ్బిలి చలి

బొబ్బిలి,
ధనుర్మాసం, తెల్లవారుజాము

ఒరేయ్ మిత్రమా,

మొన్న నీ ఫోను వచ్చినప్పుడు పడవ మీద ఉన్నాం, సిగ్నల్ తెగిపోయింది. అయినా ఈ సంగతులు ఫోన్లో చెప్పేవి కావు. అందుకే కాగితం, పెన్ను తీసి కూర్చున్నాను. చెల్లాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఇందులో సగం ఆవిడ కోసమే రాస్తున్నాను.

ఇన్నేళ్ళ సంసారంలో మేమిద్దరం మా కోసమని ఎక్కడికీ వెళ్ళలేదని నీకు తెలుసు. తిరుపతి, అన్నవరం, పిల్లల పరీక్షలు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు. అమ్మాయి ఈసారి మమ్మల్ని అడక్కుండానే టికెట్లు కొనేసింది. మీ చెల్లెలు మాత్రం రెండు షరతులు పెట్టింది. కార్తీక మాసం నియమాలు తప్పకూడదు, మార్గశిర లక్ష్మివారం పూజకి ఇంట్లో ఉండాలి. ఆ రెండింటి మధ్యా ఇమిడేలా ప్రయాణం పెట్టుకున్నాం. విశాఖ నుంచి చెన్నై, అక్కడి నుంచి సముద్రం మీద రెండు గంటల పైచిలుకు విమానం. కిటికీలోంచి ఎంతసేపు చూసినా నీళ్ళే. ఆ తర్వాత ఒక్కసారిగా చిక్కటి అడవి, దాని చుట్టూ లేత ఆకుపచ్చ అంచు. ఆ అంచంతా పగడపు దిబ్బలట.

పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు గానీ, ఊళ్ళో వాళ్ళింకా పాత పేరుతోనే పిలుచుకుంటున్నారు. మొదటి రోజు నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది పొద్దు. సాయంత్రం ఐదయ్యేసరికి సూర్యుడు వెళ్ళిపోయాడు! పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం కళ్ళ ముందు కనబడింది. మన గడియారం కాకినాడ మీదుగా పోయే 82½ డిగ్రీల రేఖాంశానిది. ఆ దీవులు అక్కడికి ఇంకా పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన నలభై నిమిషాలు ముందే పొద్దుపొడుపూ, పొద్దుగుంకడమూ. నల్లబల్ల మీద సుద్దముక్కతో వేసిన లెక్కని సముద్రం ఒడ్డున నిలబడి చూడటం నాకెంత సంతోషంగా ఉందో నువ్వయితేనే అర్థం చేసుకుంటావు. మీ చెల్లెలు మాత్రం "అయితే ఇక్కడ వంట కూడా బేగి అయిపోవాలి" అంది.

ఇక మనవాళ్ళ సంగతి. విమానాశ్రయం బయట ఆటో ఎక్కి నాకొచ్చిన హిందీలో హోటల్ పేరు చెబుతున్నాను. ఆ అబ్బాయి వెనక్కి తిరిగి "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. బొబ్బిలి అనగానే "మాది సోంపేట కాడండి, మా తాత కాలంలో వొచ్చేసినాం" అన్నాడు. ఆ పూటంతా ఆటో మాది, కబుర్లు అతనివి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవాళ్ళే. ఎక్కువమంది మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరం నుంచి వలలు పట్టుకుని వెళ్ళినవాళ్ళు. జంగ్లీఘాట్ అనే పేటలో నడుస్తుంటే మన భీమిలిలోనో, కళింగపట్నంలోనో ఉన్నట్టే ఉంది. అరుగుల మీద వలలు కుడుతున్నారు, గుమ్మాలకి పసుపు రాసి ఉంది.

ఆ అబ్బాయి వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్నమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు విశాఖలో ఓడెక్కి వచ్చిందట. విశాఖ నుంచి ఓడ ఇప్పటికీ ఉంది, నెలకో మాటు నడుస్తుంది, దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు పెళ్ళిళ్ళకీ, పండగలకీ దాన్లోనే వచ్చి పోతుంటారు. ఆ ముసలమ్మ మీ చెల్లెలి చెయ్యి వదలలేదు. "మన ఊళ్ళో తేగలు వస్తన్నాయా తల్లీ? మంచు పడతందా?" అని అడిగింది. అక్కడ ఏడాది పొడుగునా ఉక్కే, చలన్నది లేదు. డెబ్బై ఏళ్ళ నాడు వదిలి వచ్చిన ఊరి చలి కోసం ఆవిడ అడుగుతుంటే మా ఇద్దరికీ గొంతు పట్టేసింది. వీణలు చేసే మన గొల్లపల్లి నుంచి తీసుకెళ్ళిన చిన్న బొమ్మ వీణ ఉందిగా, దాన్ని ఆవిడ చేతిలో పెట్టి వచ్చాం.

సెల్యులార్ జైలు గురించి ఎక్కువ రాయలేను. వెళ్ళి చూడాల్సిందే. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడిమి బురుజు చుట్టూ ఏడు వరసలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరస గదుల ముఖాలు పక్క వరస వీపుకి ఎదురుగా ఉండేలా కట్టారు. ఎవరి ముఖం ఎవరికీ కనబడకూడదని. ఒక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని నిలబడ్డాను. ఎత్తున ఉన్న చిన్న కిటికీ తప్ప ఏమీ లేదు. మనుషుల చేత ఎద్దుల్లా కొబ్బరినూనె గానుగ తిప్పించిన చోటు కూడా చూపిస్తారు. అల్లూరి వెంట నడిచిన మన్యం వీరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది అక్కడే. అంత నరకం చూసిన మనిషి బతికి బయటపడి, 1952లో తొలి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక పేజీ ఉండాలిరా. మన ప్రాంతం పిల్లలకయినా తెలియాలి.

చాథం రంపపు మిల్లు కూడా చూశాం, 1883 నాటిది. పడౌక్ అనే చెట్టు కలప ఎర్రగా, కోసిన దుంగ మీద చెయ్యి పెడితే వదలబుద్ధి కాలేదు. రాస్ దీవిలో పాత దొరల బంగళాల గోడల్ని మర్రి వేళ్ళు పట్టేసి ఉన్నాయి. మధ్యలో జింకలు తిరుగుతున్నాయి. మీ చెల్లెలు వాటితో చాలాసేపు మాట్లాడింది.

ఇప్పుడు అసలు సంగతి. చెల్లాయి వినాల్సింది ఇదే.

హేవ్‌లాక్ దీవికి పడవలో వెళ్ళాం. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు కదా, దానికి 75 ఏళ్ళు నిండిన రోజున, 2018లో, ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ పేర్లు పెట్టారు. రాధానగర్ బీచి తెల్లటి ఇసుక, వెనకంతా ఎత్తయిన అడవి. నీళ్ళలో మోకాళ్ళ లోతుకి దిగినా కాలి వేళ్ళు స్పష్టంగా కనబడతాయి. మేం దిగింది తూర్పు వైపు, విజయనగర్ అనే బీచిలో. అక్కడ అలలు నెమ్మది.

మేం వెళ్ళిన రాత్రి కార్తీక అమావాస్య. భోజనాలయ్యాక హోటల్ కుర్రాడొకడు "దీపాలన్నీ లేని వైపు నడిచి చూడండి సార్" అన్నాడు. నడిచాం. మీ చెల్లెలు నీళ్ళలో చెయ్యి పెట్టి కదిపింది. వేళ్ళ చుట్టూ నీలం వెలుగు! మళ్ళీ కదిపింది, మళ్ళీ వెలిగింది. నీళ్ళలో ఉండే ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవులు కదలిక తగిలితే అలా మెరుస్తాయి. చీకటి ఎంత ఎక్కువ ఉంటే అంత బాగా కనబడతాయి. నేనిదంతా వివరిస్తుంటే "ఊరుకోండి, చూడనివ్వండి" అంది. అరవై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, అలా ఎంతసేపు నీళ్ళు చల్లుకుందో! ఆవిణ్ణి అంత నిశ్చింతగా నేను పెళ్ళయిన కొత్తలో కూడా చూడలేదు. ఇంట్లో మా అమ్మకీ నాన్నకీ చాకిరీ, నా ఉద్యోగం బదిలీలు, పిల్లల చదువులు. ఆవిడ నవ్వటానికి తీరిక ఎప్పుడు దొరికిందిరా?

మర్నాడు పోలి పాడ్యమి. తెల్లారకముందే లేపింది. మన దగ్గరయితే పెద్ద చెరువుకో, ఏటికో వెళ్ళి దీపాలు వదులుతారు. ఆ దీవిలో ఏం చేస్తుందా అనుకున్నాను. ముందు రోజే తోటమాలిని అడిగి అరటి దొప్పలు తెచ్చి పెట్టుకుంది. నెయ్యీ, వత్తులూ ఊరి నుంచే వచ్చాయి. తీరా చూస్తే ఆటు వేళ కావడంతో సముద్రం చాలా దూరం వెనక్కి వెళ్ళిపోయి ఉంది. రాళ్ళ మధ్య మడుగుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. గాలి లేదు, అల లేదు. ఆ మడుగులో ముప్ఫై వత్తులూ వెలిగించి వదిలింది. హోటల్లో గదులు ఊడ్చే బెంగాలీ అమ్మాయి వచ్చి పక్కన నిలబడి, ఏమీ అడక్కుండానే దణ్ణం పెట్టుకుంది. వాళ్ళ పెద్దవాళ్ళు తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చి ఆ దీవిలో స్థిరపడ్డారట. పోలి కథ మొత్తం మీ చెల్లెలు ఆ అమ్మాయికి తెలుగులోనే చెప్పింది. ఆ పిల్ల చివరిదాకా విన్నది. దీపాలు కొండెక్కాక దొప్పలన్నీ ఏరి తెచ్చేశాం. అక్కడి సముద్రంలో ఏదీ పారెయ్యకూడదు, అక్కడి గవ్వ గానీ పగడం గానీ ఏరి తెచ్చుకోకూడదు. చాలా మంచి పద్ధతి.

నీల్ దీవి చిన్నది, సైకిలు మీద తిరిగెయ్యొచ్చు. గాజు అడుగున్న పడవలో కూర్చుంటే పగడాలూ చేపలూ కాళ్ళ కిందే కనబడతాయి. ఈత రావాల్సిన పని లేదు, నీ మోకాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు. రాళ్ళ వంతెన చూడటానికి మాత్రం ఆటు వేళ వెళ్ళాలి, అక్కడి రాళ్ళు జారుడుగా ఉంటాయి. కర్ర పట్టుకుని వస్తే చాలు.

ఇంటికొచ్చేసరికి ఇక్కడ చలి దిగిపోయి ఉంది. నిజం చెప్పనా, ఆ ఉక్కలోంచి వచ్చి తెల్లవారుజామున మన వీధిలో అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. ఎదురింటి గేటు కనబడనంత మంచు. రైలు కూత వినబడుతుంది గానీ ఎటు నుంచో తెలియదు. వేణుగోపాలస్వామి గుడిలో తిరుప్పావై మొదలయింది. మఫ్లరు చుట్టుకుని వెళితే దొన్నెలో వేడి వేడి పొంగలి పెడతారు. అక్కడి నుంచి కోట వైపు నడక, మన పెన్షనర్ల గుంపంతా అక్కడే. స్టేషన్ రోడ్డులో టీ కొట్టు పక్కన చలిమంట వేస్తారు. నువ్వు ఉన్నప్పుడు వేసిన చోటే. కుండలో కాల్చిన తేగలు అప్పుడే వచ్చాయి. కట్ట కొని విప్పుతుంటే నాకు జంగ్లీఘాట్ ముసలమ్మ గుర్తొచ్చింది. ఈసారి ఎవరయినా ఓడలో వెళ్ళేవాళ్ళుంటే ఒక కట్ట పంపాలని విశాఖలో కనుక్కుంటున్నాను.

మా పెరట్లో చిక్కుడు పాదు గోడంతా ఎక్కి కాసింది. వీధిలో ఆడపిల్లలు పోటీలు పడి ముగ్గులు వేస్తున్నారు, గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు. హరిదాసు నెత్తిన అక్షయపాత్రతో వస్తే, పక్కింటి మనవడు గుప్పెడు బియ్యం పట్టుకుని గుమ్మంలోనే కాచుకుని ఉంటున్నాడు. వెనక వీధి పిల్లలు భోగి పిడకలు తట్టి, నడుమ చిల్లు పెట్టి, గోడ మీద ఎండబెట్టారు. అరిసెలు మొదలవలేదింకా. భోగికి నాలుగు రోజుల ముందు నాలుగిళ్ళ ఆడవాళ్ళు కలిసి ఒక్కొక్కరింట్లో వండుకునే పద్ధతి ఇప్పటికీ ఉంది మా వీధిలో. అనకాపల్లి బెల్లం చెప్పి ఉంచాను.

మొన్న గొల్లపల్లి వెళ్ళి, బొమ్మ వీణ చేసిచ్చిన ఆయనకి అండమాన్ సంగతి చెప్పాను. తన చేతి పని సముద్రం దాటి ఒక ముసలమ్మ ఇంట్లో ఉందంటే ఆయన పొంగిపోయాడు. ఆ ఎర్ర కలపతో వీణ చెయ్యొచ్చా అని అడిగితే తల అడ్డంగా ఊపి, ఒకే పనస దుంగని తొలుస్తూ పని చేసుకుపోయాడు. ఏకాండి వీణ చెక్కుతుంటే చూడటం నీకెంత ఇష్టమో నాకు గుర్తుందిరా.

ఇక నీ విషయం. రిటైరయినప్పటి నుంచీ నువ్వు ఆ ఎనిమిదో అంతస్తు ఫ్లాట్ దాటి రావటం లేదు. అబ్బాయీ కోడలూ బాగా చూసుకుంటున్నారు, కాదనను. కానీ చెల్లాయి మొన్న ఫోన్లో "ఆయన కిటికీ దగ్గరే కూర్చుంటున్నారన్నయ్యా" అంటే నాకు నిద్ర పట్టలేదు. నువ్వు రావాలి. ఇద్దరూ రావాలి. భోగికి ముందే వచ్చి, కనుమ, ముక్కనుమ చూసుకుని, జనవరి 24 దాకా ఉండండి. 1757లో కోట పడిపోయింది ఆ రోజునే కదా, ఏటా యుద్ధ స్తంభం దగ్గరికి మనిద్దరం వెళ్ళేవాళ్ళం. నాలుగేళ్ళుగా నేనొక్కణ్ణే వెళుతున్నాను.

ఇంకో మాట. శీతాకాలం చివర్లో అండమాన్ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మాఘంలో విశాఖ నుంచి ఓడ తేదీ తెలిసేలా ఉంటే నలుగురం ఓడలోనే వెళదామని మీ చెల్లెలి కోరిక. నీళ్ళలో ఆ వెలుగు చెల్లాయికి చూపించాలని పట్టుబట్టింది. అమావాస్య ఎప్పుడొస్తుందో పంచాంగంలో గుర్తు కూడా పెట్టేసింది. మీ డాక్టరు గారిని మోకాళ్ళ గురించి ఈ వారమే అడుగు. మీ ఇద్దరి ఆధార్ కాపీలు నాకు పంపు.

విజయనగరం దాకా రైల్లో వచ్చెయ్యండి, స్టేషన్‌కి నేనొస్తాను. పండగ రోజుల్లో బెర్తులు దొరకవు, టికెట్లు ఇవ్వాళే చూడు. రగ్గులు మోసుకురావద్దు, ఇక్కడ ఉన్నాయి. చెల్లాయి పెట్టిన ఉసిరికాయ పచ్చడి మాత్రం ఒక సీసా తప్పకుండా తెమ్మని మీ చెల్లెలు మరీ మరీ చెప్పింది.

ఇట్లు
నీ బొబ్బిలి మిత్రుడు