జామ మొక్కతో పాటు నులిపురుగుల్ని కూడా అమ్ముతున్నారు

తైవాన్ జామ తోటలు వాడిపోతుంటే నీళ్ల తప్పో ఎరువు తప్పో అనుకుంటున్నాం గానీ చాలాచోట్ల అసలు దొంగ వేర్లలోనే ఉంది, వేరుబుడిపె నులిపురుగు, అంటే మట్టిలో ఉంటూ వేర్లలో దూరి బుడిపెలు తెప్పించే, కంటికి కనపడనంత చిన్న పురుగు. మా తోటలో రెండో ఏడాదికే ఆకులు ఎర్రబడి రాలిపోతుంటే మందుల షాపతను ఇచ్చినవన్నీ కొట్టాం, ఖర్చు తప్ప ఏం లేదు, చివరికి ఓ చెట్టు పీకి చూస్తే వేర్లనిండా బుడిపెలు, నాటకుండా మిగిలిన నర్సరీ మొక్క కవరు చింపి కడిగి చూసినా అవే! అంటే డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్నామన్నమాట. తట్టుకునే రకాలు వేసుకోవచ్చుగా అంటారు, నిజమే, టమాటాలో అలాంటి రకాలున్నాయి, వాటిలో అడవి జాతి నుంచి తెచ్చిన, ఈ పురుగుని అడ్డుకునే ఎంఐ అనే జీన్ ఉంది, కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే అది సరిగ్గా పనిచేయదు, మన ఎండలకి 28 ఒక లెక్కా? పైగా జామని పట్టే ఎంటెరోలోబి అనే నులిపురుగు జాతిని ఆ జీన్ అసలు ఆపలేదు. అందుకే ఉద్యాన శాఖ వాళ్లు నర్సరీకి వచ్చినప్పుడు పైన ఆకులు చూసి వెళ్లిపోకుండా ప్రతి బ్యాచ్‌లో కొన్ని మొక్కల వేర్లు, మట్టి ల్యాబ్‌కి పంపాలి, ఆ రిపోర్ట్ బిల్లుతో పాటు రైతు చేతికివ్వాలి, బుడిపెలున్న మొక్కలు అమ్మితే లైసెన్స్ ఆపేయాలి. అలాగే పురుగుని తట్టుకునే వేరుమొక్క మీద జామ అంటు కట్టే పరిశోధనకి యూనివర్సిటీలకి డబ్బులివ్వండి, ఒకసారి నేలలో దిగాక దీన్ని పూర్తిగా పోగొట్టడం మావల్ల కావట్లేదు.

- ఒక జామ రైతు