గుత్తి కోటలో ముందు నీళ్ళ సంగతి చూడండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గండికోట అభివృద్ధికి కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసిందని విని గుత్తివాళ్ళం మేమూ సంతోషించాం. కొంచెం కుళ్ళుకున్నాం కూడా, దాచడమెందుకు! హైదరాబాద్ - బెంగళూరు హైవే మీద పోయే కార్లలో చాలామంది మా కొండను కిటికీలోంచే చూసి సాగిపోతారు. అయినా రోప్‌వే, లేజర్ షో కావాలని ఈ లేఖ రాయడం లేదు. అడుగుతున్నది నీళ్ళ గురించి.

చుట్టూ ఉన్న నేలకంటే సుమారు 300 మీటర్ల ఎత్తున్న కోట ఇది. ఫిరంగులతో కొడితే పడేది కాదు. 1776లో హైదర్ అలీ ముట్టడి వేసినప్పుడు మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే లోపల గట్టిగానే నిలబడ్డాడు. చివరికి కొండ మీద వాననీళ్ళు నిలిచే దొనల్లో నీళ్ళు అడుగంటాయి. సంధి మాటలు మొదలయ్యాయి. తాకట్టుగా హైదర్ శిబిరానికి వెళ్ళిన ఒక కుర్రాడు పౌరుషానికి పోయి, "మాకు నీళ్ళే ఉంటే మీకు లొంగేవాళ్ళమా? ఇంక మూడు రోజులకే ఉన్నాయి" అని నోరు జారాడట. ఆ మాటతో హైదర్ సంధిని పక్కన పెట్టాడంటారు. మురారి రావు చెరలోనే చనిపోయాడు.

ఇంత కథ ఉన్న దొనలూ బావులూ ఎక్కడున్నాయో కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పే దిక్కులేదు. పూడిక, ముళ్ళచెట్లు, వాటి మీద ఖాళీ వాటర్ బాటిళ్ళు. ఆ బాటిళ్ళు వేసింది మనవాళ్ళే, ఒప్పుకుంటాను. కానీ పైన గుక్కెడు నీళ్ళు దొరికే చోటే లేనప్పుడు జనం బాటిళ్ళు మొయ్యక ఏం చేస్తారు?

కొండ అంచున సున్నం పూసిన చిన్న మంటపం ఉంది, మురారి రావు గద్దె అంటాం. అక్కడ చదరంగం ఆడుతూ ఉయ్యాల ఊగేవాడని చెప్పుకుంటారు. ఎండలో ఎక్కిన పిల్లలు అక్కడికి చేరేసరికి నాలుక పిడచగట్టుకుపోతుంది, ఇంక చరిత్ర ఎవరికి పడుతుంది!

కోట కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉందని మీ అధికారులు అంటారు. నిజమే. ఆ శాఖ నీలం బోర్డు మీద 1958 నాటి చట్టం, పాడుచేస్తే పడే శిక్ష ఉంటాయి. అది అవసరమే. దాని పక్కన కోట ఎవరిది, ఎలా పడిందో తెలుగులో పది వాక్యాలు రాయించడానికి అడ్డేమిటి? దొనల పూడికతీతకు ఆ శాఖ అనుమతి కావాలి, మీరు లేఖ రాస్తేనే ఆ ఫైలు కదులుతుంది. కొండ కింద తాగునీరు, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, స్టేషన్ నుంచి దారి చూపే బోర్డులు మాత్రం మన రాష్ట్రం చేయించగల పనులే.

మెట్టుకింద యూరోపియన్ల శ్మశానమూ ఉంది. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట ఇక్కడే పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసుకు తీసుకెళ్ళారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న రోజులున్నాయి. ఆయన జ్ఞాపకంగా అప్పటి ప్రభుత్వం పత్తికొండలో చేసిన పనేమిటో తెలుసా? తోపు వేసి, బావి తవ్వించింది.

దొనలు ఎండి ఉండే వేసవిలోనే పూడిక తియ్యడం సులువు. అనుమతికి నెలలు పడుతుంది కాబట్టి, సంక్రాంతి లోపే మీ లేఖ ఢిల్లీకి వెళ్ళేలా చూడండి.

ఇట్లు,
గుత్తి పట్టణవాసి