చదివే చేతిలో ఏ పరికరం ఉందో తెలిసిన హెల్ప్ పేజీ

ఒరేయ్ శీనూ,

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ హెల్ప్ నీ చేతికొచ్చిందని, ఎవరి సిస్టమ్‌కి తగ్గ స్టెప్పులు వాళ్ళకే కనపడాలని అడిగారని రాశావుగా. మంచి పని రా. కానీ ముందే కోడ్ మీద పడకు. ఒక్క టాపిక్ తీసుకుని, అందులో నిజంగా మారేదేంటో చూడు.

‘బిల్లుని పీడీఎఫ్‌గా దాచుకోవడం’ తీసుకో. బిల్లు తెరవడం, పార్టీ పేరు సరిచూసుకోవడం అందరికీ ఒకటే. మారేది ప్రింట్ స్టెప్ ఒక్కటే. విండోస్ క్రోమ్‌లో కంట్రోల్, పి నొక్కి డెస్టినేషన్ దగ్గర ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకోవాలి. మాక్ సఫారీలో కమాండ్, పి నొక్కితే వచ్చే బాక్సు అడుగున పీడీఎఫ్ బటన్ ఉంటుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కలు, షేర్, ప్రింట్. ఇక మాక్‌లోనే క్రోమ్ వాడితే? నొక్కేది కమాండే, తెర మాత్రం విండోస్ క్రోమ్‌లాగే వస్తుంది. అంటే సిస్టమ్ అని ఒక్క గుర్తు పెడితే చాలదు, బ్రౌజర్‌కీ వేరే గుర్తు కావాలి. పేజీ మొత్తాన్ని నాలుగు కాపీలు మాత్రం చెయ్యకు. ఒకదాంట్లో దిద్దిన తప్పు మిగతా మూడింట్లో అలాగే ఉండిపోతుంది.

డిటాలో (హెల్ప్‌ని చిన్నచిన్న టాపిక్‌లుగా రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి) రాస్తున్నారన్నావు కాబట్టి ఒక జాగ్రత్త. ఏ గుర్తున్నది ఉంచాలో, ఏది తీసెయ్యాలో చెప్పే డిటావాల్ ఫైల్లో ఏ రూలూ లేని విలువ తీసివేతకు పోదు, లోపలికే వస్తుంది. ఒకచోట ‘మాక్’, ఇంకోచోట ‘మాక్ఓఎస్’ అని రాసి, మొదటిదాన్నే తీసెయ్యమన్నావనుకో, రెండోది విండోస్ మాన్యువల్లోకి వచ్చి కూర్చుంటుంది. బిల్డ్, అంటే మాన్యువల్ తయారయ్యే పని, ఆగదు. అందుకే ఒప్పుకున్న విలువల జాబితాని, దానికోసమే డిటాలో ఉన్న సబ్జెక్ట్ స్కీమ్ మ్యాప్‌లో ముందే రాసిపెట్టు.

వెబ్‌లో చదివే పరికరం ఏదో అప్పటికప్పుడు పోల్చుకోవాలంటే బ్రౌజర్ చెప్పే మాటని పూర్తిగా నమ్మలేం. విండోస్ 11 ఇప్పటికీ, బ్రౌజర్ తన గురించి సైటుకి పంపే యూజర్ ఏజెంట్‌లో ‘విండోస్ ఎన్‌టీ 10.0’ అనే చెప్పుకుంటుంది. ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్ సఫారీ మామూలుగా తనని మాక్ అనే చెప్పుకుంటుంది. టచ్ పాయింట్ల సంఖ్య (తెర ఒకేసారి ఎన్ని వేళ్ళని గుర్తిస్తుందో) కూడా చూస్తే తప్ప తేడా తెలీదు.

అసలు చిక్కు ఇంకోటుంది. పోల్చుకోవడం సరిగ్గా జరిగినా పేజీ తప్పు కావచ్చు. కౌంటర్ దగ్గర కంప్యూటర్‌లో బిల్లు ఇరుక్కుంటే, ఆ అమ్మాయి వాట్సాప్‌లో వచ్చిన లింకుని ఫోన్లో తెరుస్తుంది. మన పేజీ ఆండ్రాయిడ్ స్టెప్పులు చూపిస్తుంది. చదివే పరికరం వేరు, పని చేసే పరికరం వేరు! కాబట్టి పైనే ‘ఇవి ఆండ్రాయిడ్ స్టెప్పులు’ అని కనపడేలా రాసి, పక్కనే మార్చుకునే బటన్లు పెట్టు. ఎంచుకున్నది లింకులోకి కూడా ఎక్కాలి, పంపినవాళ్ళు చూసిందే అందుకున్నవాళ్ళూ చూడాలి కదా. వరస ఇలా ఉండాలి: లింకులో ఉన్నది ముందు, మునుపు ఎంచుకున్నది తర్వాత, మన ఊహ ఆఖరున. సాఫ్ట్‌వేర్‌లోని హెల్ప్ బటన్ నుంచే వస్తే ఊహతో పనే లేదు. వెర్షన్, లాగిన్ రకం, స్క్రీన్ భాష లింకులోనే పంపించు.

లాగిన్ రకాన్ని బట్టి టాపిక్‌లు మాయం చెయ్యడం నాకు నచ్చదు. ‘ఇది అడ్మిన్ లాగిన్‌తోనే అవుతుంది’ అని ఒక్క ముక్క రాస్తే, ఆ మనిషి బటన్ కోసం గంటసేపు వెతుక్కోడు.

స్టెప్పులన్నీ పేజీలోనే రాసి, స్క్రిప్ట్‌తో మిగతావి దాచు. స్క్రిప్ట్ నడవకపోతే అన్నీ కనపడతాయి. పేజీ పొడుగవుతుంది, తప్పు మాత్రం అవదు. ఎర్రర్ మెసేజీల్ని దాచే భాగంలో పెట్టకు, పేజీలో వెతికితే మామూలుగా దొరకవు.

ఇక తెలుగు సంగతి. తెలుగు హెల్ప్ చదివేవాళ్ళ స్క్రీన్ ఇంగ్లీషులో ఉండొచ్చు, అదీ చాలాచోట్ల. బటన్ పేర్లు చేత్తో కొట్టకుండా సాఫ్ట్‌వేర్ స్ట్రింగ్స్ ఫైల్లోంచే (తెర మీది మాటలన్నీ ఉండే ఫైలు) కీ, అంటే ఆ మాటకిచ్చిన గుర్తు పేరు, పెట్టి లాగు. అక్కడే మన విభక్తులు అడ్డం తిరుగుతాయి. ఆ పేరు వచ్చి పడే ఖాళీ పక్కన ‘లో’ తగిలించావంటే, ‘ఖాతాలు’ వచ్చి పడగానే ‘ఖాతాలులో’ అవుతుంది. ‘భద్రపరచు’కి ‘ని’ తగిలిస్తే ఇంకా అన్యాయం. ప్రత్యయం ఎప్పుడూ మన చేతిలో ఉన్న మాటకే పెట్టు: ‘ఖాతాలు’ మెనూలో, ‘భద్రపరచు’ బటన్‌ని. లోపల ఏ పేరు వచ్చినా వాక్యం చెడదు. కొటేషన్లు తప్పనిసరి, లేకపోతే ‘భద్రపరచు’ పేరో పనో తేల్చుకోలేరు.

పరీక్షకి భయపడకు. 3 సిస్టమ్‌లు, మూడింట్లోనూ నడిచే 2 బ్రౌజర్లు, 2 భాషలు, 2 లాగిన్లంటే 24 కలయికలు. ఏ రెండు విలువల జంటైనా కనీసం ఒక్కసారి తగిలేలా ఏరుకుంటే 6 చాలు. సిస్టమ్‌కి 2 చొప్పున పెట్టి, మిగతావి అటూ ఇటూ తిప్పు.

ముందు ఆ తెలుగు స్ట్రింగ్స్ ఫైలు పంపించు. ఒకే ఇంగ్లీషు మాటకి రెండు తెలుగు పేర్లు ఎక్కడెక్కడ పెట్టారో చూసి చెప్తాను.

నీ
రవి