పాత పికప్‌ను అమ్మితే పొగ ఆగదు

సంపాదకులకు నమస్కారం.

సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతానికి తగ్గించిన తర్వాత, మదనపల్లె చుట్టుపక్కల టమోటా బాడుగలు తోలే చిన్న వాహన యజమానుల ఇళ్లలో ఒకే ప్రశ్న నలుగుతోంది. పది పదిహేనేళ్లుగా నడుపుతున్న డీజిల్ పికప్‌ను మరమ్మతులతో ఇంకొన్నాళ్లు నెట్టుకురావాలా, లేక అప్పు చేసి కొత్తది కొనాలా అన్నదే ఆ ప్రశ్న. మాకూ 2011 మోడల్ పికప్ ఒకటి ఉన్నందున ఈ లెక్కలన్నీ మేమూ వేసి చూశాము. ఇది ఒక్కో ఇంటి లెక్కతో తీరేది కాదని, ప్రభుత్వం సరిదిద్దవలసిన లోపం ఇందులో ఉందని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

రోడ్డు మీదికి వచ్చేసరికి 10 లక్షల రూపాయలయ్యే పికప్‌కు 2 లక్షలు చేతి నుంచి పెట్టి, మిగిలిన 8 లక్షలను 11 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 17,400 రూపాయల కంతు పడుతుంది. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 12 కిలోమీటర్ల బదులు 14 ఇచ్చిందనుకున్నా మిగిలేది సుమారు 240 లీటర్ల డీజిల్. లీటరు వంద రూపాయల చొప్పున వేసుకుంటే అది 24,000 రూపాయలు, అంటే రెండు నెలల కంతుకు కూడా చాలదు. పాత బండికి క్లచ్ ప్లేట్లు, కమాన్ కట్టలు, పంపు పని, ఏటా ఎఫ్‌సీకి (బండి నడపడానికి యోగ్యంగా ఉందని ఇచ్చే ఫిట్‌నెస్ ధ్రువపత్రానికి) ముందు వెల్డింగు, రంగు వంటి ఖర్చులు తప్పవు. కానీ అవి చాలావరకు విడివిడిగా వస్తాయి, కొన్నింటిని నాలుగు బాడుగలు దొరికేదాకా ఆపుకోవచ్చు. కొత్త బండి కంతు మాత్రం టమోటా ధర పడిపోయి రైతు కాయను కోయకుండా తోటలోనే వదిలేసిన నెలలో కూడా గడువు తేదీకి కట్టవలసిందే. మా ప్రాంతంలో చాలామంది వెనకాడుతున్నది బండి ధర చూసి కాదు, ఆ నెలలు గుర్తుకొచ్చి.

అలాగని పాత బండే మేలని నేను వాదించడం లేదు. వాహనాలు వదిలే పొగకు ప్రభుత్వం పెట్టే పరిమితులే బీఎస్ ప్రమాణాలు, అంకె పెరిగేకొద్దీ అవి కఠినమవుతాయి. 2011లో చిన్న పట్టణాల్లో అమ్మిన డీజిల్ వాహనాలు బీఎస్-3 ప్రమాణాలవి. బీఎస్-4 దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. డీజిల్ కార్లనే తీసుకుంటే, కిలోమీటరుకు వదలగల మసి రేణువుల పరిమితి బీఎస్-3లో 50 మిల్లీగ్రాములు, బీఎస్-6లో 4.5 మిల్లీగ్రాములు. పికప్‌ల విషయంలో తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే నిర్ధారించింది. మార్కెట్ యార్డులో ఇంజిన్లు ఆపకుండా వరుసలో నిలిచిన బండ్ల వెనుక ఈ పొగను గంటల తరబడి పీల్చేది హమాలీలు, ట్రేలు సర్దే ఆడవాళ్లు. వారి ఊపిరితిత్తుల సంగతి కొనుగోలు లెక్కల్లో ఎవరూ రాసుకోరు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అరిగిన బ్రేకులతో, తుప్పు పట్టిన చాసిస్‌తో ఉన్న బండి ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు.

కొత్త బండికీ దాని ఇబ్బందులు ఉన్నాయి. బీఎస్-6 డీజిల్ వాహనంలో మసిని పట్టి ఉంచే ఫిల్టరు తనంతట తాను శుభ్రపడాలంటే, బండి కొంతసేపు ఆగకుండా ఒక మోస్తరు వేగంతో నడిచి పొగగొట్టం బాగా వేడెక్కాలి. తోటకూ మండీకీ మధ్య మట్టిదారిలో నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ వీలు తక్కువ. ఫిల్టరు మూసుకుపోతే ఊళ్లోని మెకానిక్ దగ్గర స్కానర్ ఉండదు, కంపెనీ సర్వీసు సెంటరుకు పోవలసిందే.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్త పికప్ కొన్నవారు పాతదాన్ని ఏం చేస్తున్నారు? అమ్ముతున్నారు. 2021 ఆగస్టులో మొదలైన తుక్కు విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రానికి బండిని అప్పగిస్తే, కొత్త వాహనం షోరూం ధరలో 4 నుంచి 6 శాతం వరకు తుక్కు విలువగా వస్తుందని కేంద్రం చెప్పింది. 9 లక్షల షోరూం ధరకు అది 36,000 నుంచి 54,000 రూపాయలు. తయారీదారులు మరో 5 శాతం తగ్గింపు ఇవ్వాలన్నది సూచన మాత్రమే. రవాణా వాహనాలకు రాష్ట్రాలు 15 శాతం వరకు పన్ను రాయితీ ఇవ్వవచ్చు. ఇవన్నీ ఉన్నా, నడుస్తున్న పాత పికప్‌కు బయట అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంటే ఏ యజమానీ దాన్ని తుక్కుకు ఇవ్వడు, ఇవ్వమని అడగడం న్యాయమూ కాదు. ఆ బండి మరో మండలంలో, మా కంటే తక్కువ స్థోమత ఉన్న కుటుంబం చేతికి చేరి, అదే పొగతో, మరింత బరువుతో తిరుగుతుంది. మదనపల్లెలో ఒక బండి కొత్తదైనందుకు రాష్ట్రంలో పాత బండి ఒక్కటీ తగ్గదు.

దీనికి మార్గం ప్రభుత్వానికి తెలియనిది కాదు. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో విద్యుత్ ట్రక్కులకు 9.6 లక్షల వరకు ప్రోత్సాహకం ఇస్తూ, పాత డీజిల్ ట్రక్కును తుక్కు చేసిన ధ్రువపత్రం చూపాలని కేంద్రం 2025 జులైలో షరతు పెట్టింది. సాయం అందాలంటే పాతది రోడ్డు మీద నుంచి పోవాలన్న ఆ నియమం నాకు సమంజసంగా తోచింది. కానీ ఆ పథకం 3.5 టన్నులు దాటిన ట్రక్కులకే. రైతు కాయను మండీకి చేర్చే పికప్‌లు దాదాపు అన్నీ ఆ పరిమితికి లోపలే ఉన్నాయి. ఇదే షరతుతో చిన్న వాహనాలకూ సాయం అందించాలి. తుక్కు విలువకూ బయటి ధరకూ మధ్య తేడాలో కనీసం సగాన్ని, ఒకే బండి ఉన్న యజమానులకైనా, నేరుగా ఇవ్వాలి. నగదు కుదరకపోతే కొత్త బండి అప్పుపై వడ్డీ రాయితీగానైనా ఇవ్వవచ్చు.

అది చేయకుండా 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాల ఎఫ్‌సీ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి పలు రెట్లు పెంచడం వల్ల జరిగిందేమిటంటే, బాగా చూసుకున్న బండికీ నల్లటి పొగ చిమ్మే బండికీ ఒకే శిక్ష పడింది. రుసుము కట్టలేనివారు ఎఫ్‌సీ లేకుండానే పల్లెదారుల్లో తిప్పుతున్నారు, అలాంటి బండి ప్రమాదానికి గురైతే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. వయసును బట్టి కాకుండా బ్రేకులు, చాసిస్, పొగ పరీక్షల ఫలితాన్ని బట్టి బండిని నడపనివ్వడమో ఆపడమో చేయాలి. పొగ పరీక్షలో గొట్టం పెట్టకుండానే ధ్రువపత్రం చేతికిచ్చే పద్ధతిని మాత్రం రవాణా శాఖ కఠినంగా అరికట్టాలి.

మా పికప్‌కు 15 ఏళ్ల గడువు దగ్గర పడింది. దాన్ని మరొకరికి అమ్మడం కంటే తుక్కుకు ఇవ్వడమే నాకు ఇష్టం. అయితే ఆ నష్టాన్ని మొత్తంగా భరించే శక్తి మా కుటుంబానికి లేదు. రాబోయే బడ్జెట్‌లోనైనా రాష్ట్ర ప్రభుత్వం ఈ తేడాను పూడ్చడానికి కొంత నిధి కేటాయించాలని, ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా రవాణా శాఖ దృష్టికి తీసుకువెళ్లాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్న వాహన యజమాని,
మదనపల్లె