2010 సంవత్సరానికి కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందే ఈ కాగితాలు మీ చేతిలో ఉండాలి. ఉగాది, వేసవి పిక్నిక్, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. వంటలు చేసినవారికి, హాలు అద్దెలో రాయితీ ఇప్పించినవారికి, పిల్లల నాటికకు దుస్తులు కుట్టిన తల్లులకు, సౌండు సిస్టమ్ అరువిచ్చిన మిత్రులకు, చివరిదాకా ఉండి నేల తుడిచిన ఆ నలుగురికి సంఘం తరఫున ధన్యవాదాలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసినది మాత్రం మకాండో చమురు బావి గురించి పెట్టిన నాలుగు శనివారాల సభలు. ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు (ఆ బావిని తవ్వుతున్న తేలే వేదిక) పేలి 11 మంది చనిపోయారు, సముద్రం అడుగున బావి నుంచి చమురు కారసాగింది. బావిని మూసే పనంతా మన హ్యూస్టన్ నుంచే నడిచింది. మన సభ్యుల్లో ఎందరో ఈ రంగంలోనే ఉన్నా, వాళ్ల ఇళ్లలోనే "ఇంతకాలం ఒక గొట్టం మూయలేరా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. కొలువులో ఉన్నవారు నోరు విప్పడానికి వీల్లేదు. అందుకే రిటైరైన ఇద్దరు డ్రిల్లింగు ఇంజనీర్లను బతిమాలాం. వారికి మరోసారి నమస్సులు.

మొదటి సభ (జూన్ 5)లో కోనసీమ నుంచి వచ్చినవారు అడిగింది ఒక్కటే: 1995లో పాశర్లపూడి గ్యాసు బావి మంటను 65 రోజుల్లో ఆర్పారు, ఇక్కడ ఎందుకు కావడం లేదు? న్యాయమైన ప్రశ్న. పాశర్లపూడిలో బావి నేల మీద ఉంది. నీళ్లు కొడుతూ దగ్గరికి వెళ్లి, శిథిలాలు లాగేసి, మనుషులే మూత బిగించే వీలుంది. మకాండో బావి మూతి 5,000 అడుగుల లోతున ఉంది. అక్కడ బోల్టు తిప్పాలన్నా పై నుంచి నడిపే యంత్రం చేతులే గతి. మే మొదట్లో దించిన వంద టన్నుల ఉక్కు గోపురం ఎందుకు పనికిరాలేదో కూడా ఆ రోజే చెప్పారు. ఆ లోతులో చలికి, ఒత్తిడికి గ్యాసు నీళ్లతో కలిసి మంచులా గడ్డకడుతుంది. ఆ గడ్డ నీటికంటే తేలిక. అది గోపురం నెత్తిన పేరుకుని దారి మూసేసి, గోపురాన్నే పైకి తేల్చబోయింది. "వేడినీళ్లు పోయొచ్చుగా" అని వెనక వరుస నుంచి ఎవరో అన్నారు. నవ్వారు గానీ, అది తెలివితక్కువ మాట కాదు. జూన్‌లో పెట్టిన మూతలోకి గడ్డ కట్టకుండా మెథనాల్ పంపించారు.

రెండో సభ జనం కోపం గురించి. కోపమంతా లీకు మీద అనుకుంటే పొరపాటు, సగం అంకెల మీద. మొదట రోజుకు 1,000 బ్యారెళ్లన్నారు, ఏప్రిల్ చివరికి 5,000 అయ్యాయి, మే 27న 12,000 నుంచి 19,000. జూన్ 15 నాటికి 35,000 నుంచి 60,000. బ్యారెల్‌కు 159 లీటర్లు, లెక్క మీరే వేసుకోండి. మే 26న మొదలైన, బురదతో ప్రవాహాన్ని అణిచే టాప్ కిల్‌కు 60-70 శాతం గెలుపు అవకాశం ఉందని బావి నడిపిన బీపీ కంపెనీ అధిపతే చెప్పారు. నీటికంటే దాదాపు రెట్టింపు బరువున్న డ్రిల్లింగు బురదను 30,000 బ్యారెళ్లకు పైగా పంపు చేశారు. గోల్ఫ్ బంతులు, టైరు ముక్కలు కూడా దూర్చారు. లోపలి ప్రవాహం అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ కావడంతో బురద కిందికి దిగకుండా, వచ్చిన దారినే బయటికి చిమ్మింది. సముద్రగర్భం నుంచి వచ్చే ప్రత్యక్ష వీడియోలో గోధుమరంగు పొగలా ఎగిసింది చూసి అందరూ చమురే ఎక్కువైందనుకున్నారు. చాలావరకు అది బురద. ఆ మాట ముందురోజే ఒక్కరు చెప్పి ఉంటే టీవీల ముందు కూర్చున్నవాళ్లకు అంత గుండెదడ ఉండేది కాదు.

సలహాలకైతే కొదవలేదు. కంపెనీకి మొత్తం మీద లక్షా ఇరవై వేలకు పైగా వచ్చాయట. మన సభ్యుల సలహాల్లో ఎక్కువమంది చెప్పింది తిరుమల తలనీలాలు తెప్పిద్దామని. జుట్టు చమురు పీలుస్తుందని అమెరికా అంతటా సెలూన్ల నుంచి మూటలు కట్టి పంపుతున్న రోజులవి. అందుకే మూడో సభలో చేసి చూపించాం. 20 గ్యాలన్ల చేపల తొట్టిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన రెండున్నర కిలోల పైచిలుకు ఉప్పు కలిపి, ఒక కప్పు కొత్త ఇంజన్ ఆయిల్ పోశాం. నైలాన్ మేజోడులో జుట్టు కుక్కి వదిలాం. నూనె పీల్చింది, నిజమే. దాంతోపాటే నీళ్లూ పీల్చి, బరువెక్కి, సభ ముగిసేలోపే అడుగుకు చేరింది. పక్కనే వేసిన పాలీప్రొపిలీన్ గుడ్డ నీటిని దగ్గరికి రానివ్వక తేలుతూనే ఉంది. ఫిబ్రవరిలో మన టెక్సాస్‌లోనే ఒక చిందులో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అధికారులకూ ఇదే తేలింది. అందుకే జుట్టు వద్దన్నారు. అదీగాక తిరుమలలో వేలానికొచ్చే పొడవైన జుట్టు విగ్గులకు పోతుంది. ఆ ధరకు కొని చమురులో ముంచేవారెవరు?

అదే తొట్టిలో చమురుకు అడ్డుగా వేసే తేలే కంచె, అంటే బూమ్‌నూ చూపించాం. ఈతకొలను గొట్టానికి నాలుగంగుళాల ప్లాస్టిక్ పరదా అతికించి, అడుగున నాణేలు కట్టి, ఒక చివర పంపు పెట్టాం. నీటి వేగానికి ఎదురుగా నిలబెడితే నూనె పరదా కిందినుంచి జారిపోయింది, ఏటవాలుగా పెడితే ఓ మూలకు చేరింది. సముద్రంలో వేగం 0.7 నాట్లు (గంటకు సుమారు 1.3 కిలోమీటర్లు) దాటితే ఇదే జరుగుతుంది. బూముల వెనకే చమురు కనబడిందని టీవీల్లో తిట్టిపోసిన సంగతి ఇదే. పిల్లలు తొట్టి వదల్లేదు.

ఆ రోజు మాట్లాడతానని రెండుసార్లు ఒప్పుకున్న ప్రభుత్వ అధికారి ఒకరు రాలేదు, కబురూ లేదు. తీరానికి వెళ్లి శుభ్రం చేస్తామని పేర్లిచ్చిన సభ్యులకు ఒక మాట: శిక్షణ లేనివాళ్లు చమురంటిన ఇసుకను ముట్టుకోకూడదన్నది నిబంధన, సంఘం పెట్టింది కాదు. చమురు రాకముందే తీరంలో చెత్త ఏరే పని ఉందని ఈమెయిల్ పంపితే మాత్రం ఆ జాబితాలో జవాబిచ్చింది ముగ్గురు.

నాలుగో సభ జూలై 17న. రెండు రోజుల ముందే కొత్త మూత కవాటాలు బిగించి, 87 రోజుల తర్వాత ప్రవాహం ఆపారు. వీడియోలో కదలిక లేని నీళ్లు చూసి హాలంతా చప్పట్లు. మా వక్త మాత్రం చేయెత్తి ఆపారు. మూత కింద ఒత్తిడి చదరపు అంగుళానికి 8,000 పౌండ్లకు (పీఎస్ఐ) చేరితే నిశ్చింత, 6,000 కిందే ఆగితే బావి గోడల్లో ఎక్కడో కారుతున్నట్టు. వచ్చింది 6,700 దరిదాపులు, రెంటికీ మధ్య. మూడు నెలలు కారి కారి అడుగున ఒత్తిడి తగ్గి ఉండొచ్చన్నారాయన. అదే నిజమైంది. సెప్టెంబరు 19న బావి చచ్చిందని ప్రకటించారు.

లోతు సముద్రంలో డ్రిల్లింగు మీద ప్రభుత్వం పెట్టిన నిషేధం గురించి ఆ సభలో జరిగిన వాదన ఇక్కడ రాయను. ఉద్యోగాలు పోతాయన్నవారు, శాశ్వతంగా ఆపాలన్నవారు ఇద్దరూ మన సభ్యులే. అక్టోబరులో నిషేధం ఎత్తేశాక ఒకరినొకరు పలకరించుకుంటున్నారని వినికిడి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా జతచేశారు. మిగులు ఉంది, పెద్దది కాదు.

చివరగా, నూనె కలిసిన ఉప్పునీళ్లను ఆటో దుకాణాలు తీసుకోవు, ప్రమాదకర చెత్త కేంద్రానికే చేర్చాలి. బకెట్లు తీసుకెళ్తామన్న ఇద్దరూ మూడు వారాలు ఫోనెత్తలేదు, చివరికి సహకార్యదర్శి గారే వెళ్లారు. చేపల తొట్టి కడిగి సిద్ధంగా ఉంది, ఇచ్చినవారు వచ్చి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి